కాష్‌లో డేటా ఉంది, ఎస్‌క్యూఎల్‌కి కనపడలేదు: ఒక ఇగ్నైట్ కేసు

ఆరోగ్య బీమా క్లెయిమ్‌లు ప్రాసెస్ చేసే ఒక సంస్థలో ఎదురైన కేసు ఇది. సంస్థ ఏదో తెలిసే వివరాలు తీసేశాను. క్లాసులు, టేబుళ్ల పేర్లు మార్చాను. సాంకేతికంగా జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను. దీన్ని రాయాలనిపించడానికి కారణం ఉంది. క్వెరీ (డేటా కోసం అడిగే ప్రశ్న) ఫెయిలైతే ఎర్రర్ వస్తుంది, లాగ్‌లో స్టాక్ ట్రేస్ (తప్పు ఎక్కడ జరిగిందో చూపే జాబితా) పడుతుంది, ఎవరో ఒకరు చూస్తారు. క్వెరీ ఖాళీ రిజల్ట్ ఇస్తే అవేవీ ఉండవు. సిస్టమ్ దృష్టిలో అది కూడా సరైన జవాబే.

నేపథ్యం

క్లెయిమ్‌ల అసలు డేటా ఒక రిలేషనల్ డేటాబేస్‌లో ఉండేది. ఆసుపత్రుల నుంచి వచ్చే స్టేటస్ ఎంక్వైరీలు పెరిగేకొద్దీ దాని మీద భారం ఎక్కువైంది. అందుకని దాని ముందు అపాచీ ఇగ్నైట్ క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) పెట్టారు. ఇగ్నైట్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. గ్రిడ్‌గెయిన్ సంస్థ 2014లో తన కోడ్‌ని అపాచీకి ఇచ్చింది. 2015లో అది అపాచీ టాప్ లెవెల్ ప్రాజెక్ట్ అయింది. మూలంలో ఇది జావాలో రాసిన డిస్ట్రిబ్యూటెడ్ కీ-వాల్యూ కాష్. అంటే ఒక్కో కీ (గుర్తు) కింద ఒక్కో వాల్యూ (డేటా) పెట్టి, వాటిని చాలా సర్వర్ల మీద పంచి ఉంచే స్టోర్. దాని మీదే ఎస్‌క్యూఎల్ (డేటాని టేబుళ్లుగా చూసి అడిగే భాష) కూడా నడుస్తుంది. 2 సిరీస్‌లో క్వెరీ పార్సింగ్, ప్లానింగ్ పనులకు డిఫాల్ట్‌గా హెచ్2 అనే డేటాబేస్ ఇంజిన్‌ని వాడుకుంటుంది.

ఇక్కడ మూడు సర్వర్ నోడ్లు (క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్ ఒక నోడ్), డిస్క్ మీద పర్సిస్టెన్స్ (డేటాని భద్రపరచడం), ప్రతి పార్టిషన్‌కి (డేటా ముక్కకి) ఒక బ్యాకప్. లోడర్ అనే జావా సర్వీస్ డేటాబేస్ నుంచి క్లెయిమ్‌లు చదివి, క్లెయిమ్ నంబర్ కీగా, క్లెయిమ్ ఆబ్జెక్ట్ వాల్యూగా పుట్‌ఆల్ అనే కమాండ్‌తో కాష్‌లో పెడుతుంది. ఆసుపత్రి పోర్టల్ క్లెయిమ్ నంబర్ ఇచ్చి గెట్ చేస్తుంది, అంటే కీతో నేరుగా అడుగుతుంది. ఇంతవరకూ బాగానే నడిచేది.

తర్వాత రిపోర్టింగ్ టీమ్‌కి కూడా ఈ డేటా కావాల్సి వచ్చింది. వాళ్లకి జావా అక్కర్లేదు, జేడీబీసీ (డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే మార్గం) మీద ఎస్‌క్యూఎల్ చాలు. వాళ్లు క్రియేట్ టేబుల్ స్టేట్‌మెంట్‌తో క్లెయిమ్ టేబుల్ తయారుచేసి, విత్ క్లాజ్‌లో కాష్ పేరు ఇచ్చారు. లోడర్ ఆ పేరున్న కాష్‌లోకే రాసేలా మార్చారు. అంటే ఒకే కాష్, రాసేది ఒక పద్ధతిలో, చదివేది ఇంకో పద్ధతిలో. టెస్ట్ క్లస్టర్‌లో రిపోర్టులన్నీ సరిగ్గా వచ్చాయి. అక్కడి టెస్ట్ డేటా అంతా ఎస్‌క్యూఎల్ ఇన్సర్ట్ స్క్రిప్టులతో ఎక్కించిందని మాత్రం అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు.

సమస్య

ప్రొడక్షన్ పైలట్ మొదలైన రోజు పెండింగ్ క్లెయిమ్‌ల డాష్‌బోర్డ్ ఖాళీగా వచ్చింది. పోర్టల్ మాత్రం అవే క్లెయిమ్‌లని నంబర్‌తో అడిగితే వెంటనే చూపిస్తోంది. నన్ను పిలిచేసరికి టీమ్ అంతా టెన్షన్‌లో ఉంది. ఆ మాడ్యూల్ చూసే అమ్మాయి మొదటే చెప్పిన మాట సమస్యని సరిగ్గా పట్టుకుంది: "సర్, గెట్ చేస్తే వస్తుంది, సెలెక్ట్ చేస్తే రాదు. డేటా పోలేదు, కానీ క్వెరీకి కనపడట్లేదు." సెలెక్ట్ అంటే ఎస్‌క్యూఎల్‌తో చదవడం.

ఇంకో వివరం కూడా చెప్పింది. అనుమానం తీర్చుకోవడానికి ఎస్‌క్యూఎల్‌లైన్ అనే కమాండ్ లైన్ టూల్ నుంచి ఒక డమ్మీ క్లెయిమ్ ఇన్సర్ట్ చేశారట. అది మాత్రం సెలెక్ట్‌లో వచ్చింది. దాంతో టీమ్ ఒక నిర్ణయానికి వచ్చేసింది: ఎస్‌క్యూఎల్ బాగానే ఉంది, కాబట్టి తప్పు లోడర్‌దే, అది ఇంకెక్కడికో రాస్తోంది. ఆ తర్వాత వాళ్ల శ్రమంతా లోడర్ కనెక్షన్ సెట్టింగ్స్ చుట్టూ తిరిగింది. కానీ అదే లోడర్ రాసిన డేటాని పోర్టల్ అదే కాష్ నుంచి చదువుతోంది కదా. ఈ రెండూ ఒకేసారి నిజం కావాలంటే లోడర్ రాసే చోటు సరైనదే అయుండాలి, రాసే తీరులో ఏదో తేడా ఉండాలి. నేను అక్కడి నుంచి మొదలుపెట్టాను.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లేలోపు టీమ్ మూడు ప్రయత్నాలు చేసింది. మూడూ ఫలించలేదు, కానీ ఒక్కొక్కటీ ఒక్కో సమాచారం ఇచ్చింది.

మొదటిది ఇండెక్స్ (వరుసలని త్వరగా వెతకడానికి వాడే జాబితా) పాడైందనే అనుమానం. కంట్రోల్ స్క్రిప్ట్‌లోని వాలిడేట్ ఇండెక్సెస్ కమాండ్ నడిపితే తప్పులేమీ లేవని వచ్చింది. అయినా నమ్మకం కుదరక, నోడ్లు ఒక్కొక్కటిగా ఆపి, ఇండెక్స్ ఫైలు తీసేసి, మళ్లీ బిల్డ్ అయ్యేలా చేశారు. ఫలితం మారలేదు. ఇక్కడ ఆ కమాండ్ ఏం చూస్తుందో తెలియడం ముఖ్యం. టేబుల్‌కి నమోదైన టైప్‌కి చెందిన ఎంట్రీ ఇండెక్స్‌లో ఉందా లేదా అన్నదే అది చూస్తుంది. ఏ టేబుల్‌కీ చెందని ఎంట్రీ ఎదురైతే, అది ఇండెక్స్ చేయాల్సినది కాదని వదిలేసి ముందుకి పోతుంది. అందుకే ఆ రిపోర్ట్ అబద్ధం చెప్పలేదు. మనం అడగాల్సిన ప్రశ్న అది కాదు, అంతే.

రెండోది స్కీమా (టేబుళ్లు ఉండే విభాగం) పేరు తప్పయ్యిందేమోనని. కాన్ఫిగరేషన్‌తో తయారైన కాష్‌లకి కాష్ పేరే స్కీమా అవుతుంది, డీడీఎల్‌తో, అంటే క్రియేట్ టేబుల్ లాంటి స్టేట్‌మెంట్లతో, చేసిన టేబుళ్లు పబ్లిక్ స్కీమాలో ఉంటాయి. ఈ తేడా తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. కానీ ఒక్కసారి ఆలోచిస్తే ఇది వెంటనే కొట్టేయదగ్గ కారణం. స్కీమా తప్పయితే టేబుల్ దొరకలేదని ఎర్రర్ రావాలి. ఇక్కడ ఎర్రర్ లేదు, సున్నా వచ్చింది.

మూడోదే ఈ కేసులో నన్ను బాగా ఆలోచింపజేసింది. టీమ్‌లో ఒకతను క్లెయిమ్ క్లాస్‌లోని ఫీల్డ్‌లకి క్వెరీ ఎస్‌క్యూఎల్ ఫీల్డ్ అనోటేషన్లు (ఈ ఫీల్డ్ ఎస్‌క్యూఎల్‌కి కనపడాలని చెప్పే గుర్తులు) పెట్టి, కాన్ఫిగరేషన్‌లో ఇండెక్స్డ్ టైప్స్ (టేబుళ్లుగా చూడాల్సిన క్లాసుల జాబితా) చేర్చి డిప్లాయ్ చేశాడు. మార్పేమీ కనపడలేదు. దాంతో అనోటేషన్లకీ దీనికీ సంబంధం లేదని పక్కన పెట్టేశారు. నిజానికి అతను సరైన దారిలోనే ఉన్నాడు. లోడర్ గెట్ ఆర్ క్రియేట్ కాష్ అని పిలుస్తుంది. ఆ పేరుతో కాష్ అప్పటికే ఉంటే ఇగ్నైట్ ఉన్నదాన్నే తిరిగి ఇస్తుంది. కొత్త కాన్ఫిగరేషన్‌ని పాతదానితో పోల్చదు, హెచ్చరిక కూడా ఇవ్వదు. పర్సిస్టెన్స్ ఉంది కాబట్టి క్లస్టర్ రీస్టార్ట్ చేసినా పాత కాన్ఫిగరేషనే డిస్క్ నుంచి లేచి వస్తుంది. అతని మందు రోగి దాకా చేరనే లేదు. ఒక పరిష్కారం పనిచేయలేదని కొట్టేసే ముందు అది అసలు అమల్లోకి వచ్చిందా అని చూసుకోవాలి. అతనికి ఈ సంగతి వివరంగా చెప్పాను, ఎందుకంటే తన ఆలోచనే తప్పనుకుని వెనక్కి తగ్గిపోయాడు.

నిర్ధారణ

అనుమానాలని తగ్గించుకోవడానికి ఒకే కాష్‌ని మూడు రకాలుగా లెక్కపెట్టించాను. ప్రైమరీ కాపీల కాష్ సైజ్ ఒకటి, స్కాన్ క్వెరీతో ప్రతి ఎంట్రీనీ తిరిగి లెక్కపెట్టింది రెండోది, సెలెక్ట్ కౌంట్ మూడోది. మొదటి రెండూ సరిగ్గా కలిశాయి, లక్షల్లో ఉన్నాయి. మూడోది ఒకటి. ఆ ఒక్కటీ వాళ్లు ఇన్సర్ట్ చేసిన డమ్మీ క్లెయిమే.

ఈ మూడు లెక్కలతోనే చాలా కారణాలు రాలిపోయాయి. నోడ్ పడిపోయి పార్టిషన్లు పోయుంటే మొదటి రెండు లెక్కలూ తగ్గాలి. లోడర్ బఫర్‌లోనే డేటా ఆగిపోయుంటే కూడా అంతే. జేడీబీసీ కనెక్షన్ వేరే క్లస్టర్‌కి వెళ్తుంటే డమ్మీ క్లెయిమ్ స్కాన్‌లో కనపడకూడదు. మిగిలింది ఒకటే: ఒకే కాష్‌లో ఉన్న ఎంట్రీలలో ఎస్‌క్యూఎల్ కొన్నిటిని తనవిగా చూస్తోంది, కొన్నిటిని చూడట్లేదు.

తేడా తెలుసుకోవాలంటే ఎంట్రీలని జావా ఆబ్జెక్టులుగా మార్చకుండా, ఉన్నవి ఉన్నట్టు చూడాలి. విత్ కీప్ బైనరీ పెట్టి స్కాన్ చేసి, ప్రతి వాల్యూ బైనరీ టైప్ పేరు ప్రింట్ చేయించాను. రెండే రెండు పేర్లు వచ్చాయి. లోడర్ రాసినవాటన్నిటికీ ప్యాకేజీతో సహా జావా క్లాస్ పూర్తి పేరు ఉంది. డమ్మీ క్లెయిమ్‌కి ఎస్‌క్యూఎల్_పబ్లిక్_క్లెయిమ్ అని మొదలై, చివర పొడవాటి యూయూఐడీ (సిస్టమ్ పుట్టించే గుర్తింపు కోడ్) ఉన్న పేరు ఉంది. సిస్ స్కీమాలోని టేబుల్స్ వ్యూలో వాల్యూ టైప్ పేరు చూస్తే, అక్కడ ఉన్నది ఆ రెండో పేరే.

జరిగింది ఇది. క్రియేట్ టేబుల్‌లో వాల్యూ_టైప్ ఇవ్వకపోతే ఇగ్నైట్ తనే ఒక పేరు పుట్టిస్తుంది. ఆ పేరున్న వాల్యూలు మాత్రమే ఆ టేబుల్ వరుసలు. అదే కాష్‌లోకి వేరే టైప్ పేరుతో వాల్యూ వస్తే, మేము వాడిన వెర్షన్ దాన్ని మారుమాట లేకుండా దాచుకుంటుంది, గెట్ చేస్తే ఇస్తుంది, టేబుల్‌లో మాత్రం చేర్చదు. ఒక కాష్‌లో రకరకాల టైప్‌ల వాల్యూలు ఉండొచ్చన్నది ఇగ్నైట్ కావాలని ఇచ్చిన సౌకర్యం, అందుకే ఇది తప్పుగా లెక్కకి రాదు. బియ్యం బస్తాలు గోడౌన్‌లోనే ఉన్నాయి, స్టాక్ రిజిస్టర్‌లో ఆ రకం పేరు రాసి లేదు. రిజిస్టర్ చూసి చెప్పేవాడు లేవనే అంటాడు.

టెస్ట్ క్లస్టర్‌లో ఎందుకు పట్టుబడలేదో కూడా దీంతో తేలిపోయింది. అక్కడ రాసిందీ ఎస్‌క్యూఎలే, చదివిందీ ఎస్‌క్యూఎలే.

మొదటి పరిష్కారం, రెండో ఖాళీ

వాల్యూ_టైప్‌కి జావా క్లాస్ పూర్తి పేరు ఇచ్చి టేబుల్ మళ్లీ చేయడం అందరికీ తట్టిన పరిష్కారం. ఉన్న టేబుల్‌కి ఆ పేరు మార్చే దారి లేదు. డ్రాప్ టేబుల్ చేస్తే దాని కింద ఉన్న కాష్ కూడా డేటాతో సహా పోతుంది. పోర్టల్ అదే కాష్ మీద నడుస్తోంది కాబట్టి ప్రొడక్షన్‌లో ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. టెస్ట్ క్లస్టర్‌లోనే, ఈసారి ఇన్సర్ట్ స్క్రిప్టులు పక్కనపెట్టి, అసలు లోడర్‌తోనే డేటా ఎక్కించి చూశాం.

సెలెక్ట్ కౌంట్ పూర్తిగా వచ్చింది. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డాష్‌బోర్డ్ తెరిస్తే మళ్లీ ఖాళీ.

ఈసారి కారణం తొందరగానే దొరికింది. వేర్ క్లాజ్ (ఫిల్టర్) తీసేసి కొన్ని వరుసలు చూస్తే క్లెయిమ్ నంబర్, అమౌంట్ ఉన్నాయి, స్టేటస్, ఆసుపత్రి కోడ్, తేదీ కాలమ్‌లన్నీ నల్ (విలువ లేదు). టేబుల్‌లో కాలమ్ పేరు క్లెయిమ్_స్టేటస్. జావాలో ఫీల్డ్ పేరు మధ్యలో అండర్‌స్కోర్ లేకుండా, రెండో పదం పెద్ద అక్షరంతో మొదలయ్యే క్లెయిమ్‌స్టేటస్. ఇగ్నైట్ ఫీల్డ్ ఐడీ లెక్కగట్టేటప్పుడు డిఫాల్ట్‌గా పేరుని చిన్న అక్షరాల్లోకి మార్చుకుంటుంది, అందుకే పెద్ద, చిన్న అక్షరాల తేడా అడ్డు రాదు. ఒకే పదం ఉన్న అమౌంట్ లాంటి కాలమ్‌లు అలాగే కలిసిపోయాయి. అండర్‌స్కోర్ మాత్రం అక్షరమే, దాన్ని తీసేసి పోల్చదు. పేరు కలవని కాలమ్‌కి విలువ దొరకదు, నల్ ఇస్తుంది. పెండింగ్ అని ఫిల్టర్ పెట్టగానే నల్ వరుసలన్నీ పోతాయి.

ఈ మలుపు దగ్గర నేను కాస్త ఎక్కువసేపే ఆగాను, ఎందుకంటే ఇక్కడ మూడు దారులున్నాయి. టేబుల్ కాలమ్‌ల అండర్‌స్కోర్లు తీసేయొచ్చు, కానీ రిపోర్టింగ్ టీమ్ రాసుకున్న క్వెరీలన్నీ మారాలి. జావా ఫీల్డ్‌లకి అండర్‌స్కోర్లు పెట్టొచ్చు, కానీ ఆ క్లాస్‌ని వాడే సర్వీసులు ఇంకా ఉన్నాయి, ఎస్‌క్యూఎల్ కోసం వాటన్నిటినీ కదపడం న్యాయం కాదు. మూడోది, డీడీఎల్‌ని వదిలేసి, జావా కాన్ఫిగరేషన్ నుంచే టేబుల్‌ని నిర్వచించడం. అనోటేషన్‌లో కాలమ్ పేరు విడిగా ఇవ్వొచ్చు. అది క్వెరీ ఎంటిటీలో (ఇగ్నైట్ దాచుకునే టేబుల్ నిర్వచనంలో) అలియాస్‌గా, అంటే మారుపేరుగా, మారుతుంది. కాష్ కాన్ఫిగరేషన్‌లో ఎస్‌క్యూఎల్ స్కీమాని పబ్లిక్ అని పెడితే రిపోర్టింగ్ క్వెరీలు ఒక్క అక్షరం మారకుండా నడుస్తాయి. ముందు ఆ కుర్రాడు చేసినదే ఇది, సరైన చోట చేస్తున్నామంతే.

మూడోదే ఎంచుకున్నాం. పేర్లు తప్పించడం ఒక్కటే కారణం కాదు. డీడీఎల్ ఒక ఫైల్లో, జావా క్లాస్ ఇంకో కోడ్ రిపోలో ఉంటే ఎవరైనా క్లాస్‌ని వేరే ప్యాకేజీలోకి జరిపిన రోజు టైప్ పేరు మారి ఇదే సమస్య మళ్లీ వస్తుంది. నిర్వచనం క్లాస్ దగ్గరే ఉంటే ఆ రెండూ కలిసే మారతాయి.

జాయిన్ దగ్గర మూడో సమస్య

కొత్త పేరుతో కాష్ పెట్టి డేటా మళ్లీ ఎక్కిద్దామని అందరూ సిద్ధమయ్యారు. "అన్నా, ఈ రాత్రికే చేసేద్దాం" అని ఒకతను అన్నాడు. నేను ఆపమన్నాను. రీలోడ్ అనేది పెద్ద పని, దానికి ముందే రీలోడ్ అవసరమయ్యే మార్పులు ఇంకేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. కాబట్టి ఒక్క డాష్‌బోర్డే కాకుండా రిపోర్టింగ్ టీమ్ రాసుకున్న క్వెరీలన్నీ నడిపించమన్నాను.

క్లెయిమ్, పాలసీ టేబుళ్లని కలిపే (జాయిన్ చేసే) రిపోర్ట్‌లో వరుసలు వచ్చాయి. చూడ్డానికి బాగానే ఉంది. మూల డేటాబేస్‌లో అదే జాయిన్ నడిపి పోలిస్తే, ఇక్కడ వచ్చింది దాదాపు మూడో వంతే.

నోడ్లు మూడు, వచ్చింది మూడో వంతు. ఇది చూడగానే సంగతి అర్థమైంది. రెండు టేబుళ్లూ పార్టిషన్డ్, అంటే నోడ్ల మధ్య ముక్కలుగా పంచినవి. క్లెయిమ్ ఏ నోడ్‌కి వెళ్లాలో క్లెయిమ్ నంబర్ నిర్ణయిస్తుంది, పాలసీ ఏ నోడ్‌కి వెళ్లాలో పాలసీ నంబర్ నిర్ణయిస్తుంది. డిఫాల్ట్‌గా ఇగ్నైట్ జాయిన్‌ని ప్రతి నోడ్‌లో అక్కడున్న డేటాతోనే చేసి ఫలితాలని కలుపుతుంది. ఒక క్లెయిమ్, దాని పాలసీ అదృష్టవశాత్తూ ఒకే నోడ్‌లో పడితేనే వరుస వస్తుంది. మూడు నోడ్లలో ఆ అవకాశం సుమారు మూడింట ఒకటి. రుజువు కోసం జేడీబీసీ కనెక్షన్‌లో డిస్ట్రిబ్యూటెడ్ జాయిన్స్ (వేరే నోడ్ల డేటాని కూడా చూసే ఆప్షన్) ఆన్ చేసి అదే క్వెరీ నడిపితే లెక్క పూర్తిగా కలిసింది.

ఈ మూడింటిలో నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. ఖాళీ డాష్‌బోర్డ్‌ని ఎవరైనా గంటలో గమనిస్తారు. మూడో వంతు వరుసలున్న రిపోర్ట్‌ని ఎవరూ అనుమానించరు. దాని మీద ఆధారపడి ఏ ఆసుపత్రికి ఎంత బకాయి ఉందో లెక్కగట్టి ఉంటే, చికిత్స చేసిన ఆసుపత్రికి రావాల్సిన డబ్బు నిలిచిపోయేది.

డిస్ట్రిబ్యూటెడ్ జాయిన్స్‌ని అలాగే ఆన్‌లో ఉంచేద్దామన్న మాట వచ్చింది. వద్దన్నాను. జాయిన్ కోసం నోడ్లు ఒకదాన్నొకటి నెట్‌వర్క్ మీద అడుగుతూ ఉంటాయి, అదే క్లస్టర్ మీద పోర్టల్ గెట్‌లు కూడా నడుస్తున్నాయి. పైగా ఆ ఆప్షన్ కనెక్షన్‌కి సంబంధించినది. రేపు కొత్తగా ఎవరైనా దాన్ని పెట్టకుండా కనెక్ట్ అయితే మళ్లీ మూడో వంతే. పాలసీ టేబుల్‌ని రెప్లికేటెడ్ చేస్తే జాయిన్ సరిగ్గా వస్తుంది గానీ, అది చిన్న టేబుల్ కాదు, ప్రతి నోడ్ మెమరీలో పూర్తి కాపీ ఉండాలి. ఆసుపత్రుల జాబితా చిన్నది, దాన్ని మాత్రం రెప్లికేటెడ్ చేశాం.

క్లెయిమ్, పాలసీలకి కోలొకేషనే (సంబంధమున్న డేటాని ఒకే నోడ్‌లో ఉంచడమే) సరైన మందు. ఎంట్రీ ఏ నోడ్‌కి వెళ్లాలో నిర్ణయించే అఫినిటీ కీ అనేది కీలో భాగమై ఉండాలి. అందుకని క్లెయిమ్ కీని క్లెయిమ్ నంబర్, పాలసీ నంబర్ కలిసిన క్లాస్‌గా మార్చి, పాలసీ నంబర్‌ని అఫినిటీ కీగా గుర్తుపెట్టాం. వాల్యూ క్లాస్‌లోని పాలసీ నంబర్ అనోటేషన్ తీసేశాం, లేకపోతే ఒకే కాలమ్ రెండు చోట్ల నుంచి వస్తుంది. సర్వర్ నోడ్ల మీద మా క్లాసుల జార్ (కోడ్ ఫైలు) లేదు, కాబట్టి అనోటేషన్ ఒక్కదాన్నే నమ్మకుండా కాష్ కాన్ఫిగరేషన్‌లో కీ కాన్ఫిగరేషన్ కూడా స్పష్టంగా ఇచ్చాం. రెండు కాష్‌లకీ అఫినిటీ ఫంక్షన్ (కీని పార్టిషన్‌కి కేటాయించే లెక్క), పార్టిషన్ల సంఖ్య ఒకటేనని సరిచూశాం. రెండూ డిఫాల్ట్ 1024 మీదే ఉన్నాయి.

అమలు

పాత కాష్ నుంచి కొత్తదానికి కాపీ చేయొచ్చు, కానీ మూల డేటాబేస్ నుంచి లోడర్‌తోనే ఎక్కించాం. రోజూ డేటా వచ్చే దారి అదే కాబట్టి పరీక్ష కూడా ఆ దారికే జరగాలి. కొత్త కాష్ నిండేవరకూ పోర్టల్ పాతదాని మీదే నడిచింది. లెక్కలు కలిశాక పోర్టల్‌ని కొత్తదానికి మార్చి, తర్వాత పాత కాష్‌ని తీసేశాం.

ఇప్పుడు ప్రతి డిప్లాయ్‌మెంట్ తర్వాత నాలుగు పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి. కాష్ సైజ్, సెలెక్ట్ కౌంట్ కలవాలి. టేబుల్స్ వ్యూలోని వాల్యూ టైప్ పేరు క్లాస్ పేరుతో కలవాలి. ఖాళీగా ఉండకూడని ప్రతి కాలమ్‌కీ విడిగా కౌంట్ తీసి మొత్తం కౌంట్‌తో పోల్చాలి. ఇది లేకపోతే నల్ కాలమ్‌ల సంగతి బయటపడదు. ముఖ్యమైన జాయిన్‌లని డిస్ట్రిబ్యూటెడ్ జాయిన్స్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి నడిపితే లెక్క ఒకటే రావాలి. ఒక్క నోడ్ ఉన్న క్లస్టర్‌లో చివరి పరీక్ష ఎప్పుడూ పాసవుతుంది. అందుకే డెవలపర్ ల్యాప్‌టాప్ మీద కూడా కనీసం రెండు సర్వర్ నోడ్లు లేపి నడపాలని నియమం పెట్టుకున్నారు. ఇన్సర్ట్ స్క్రిప్టులతో టెస్ట్ డేటా ఎక్కించడం పూర్తిగా మానేశారు.

కీ మారడం వల్ల ఒక ఖర్చు మాత్రం మిగిలింది. ఇప్పుడు క్లెయిమ్ నంబర్ ఒక్కటే తెలిస్తే గెట్ చేయలేం, పాలసీ నంబర్ కూడా కావాలి. పోర్టల్‌లో ఆసుపత్రి వాళ్ల దగ్గర రెండూ ఉంటాయి, ఇబ్బంది లేదు. కాల్ సెంటర్‌కి ఫోన్ చేసే పేషెంట్ బంధువులు మాత్రం ఎక్కువగా క్లెయిమ్ నంబరే చెబుతారు. వాళ్ల స్క్రీన్ కోసం క్లెయిమ్_నంబర్ మీద ఇండెక్స్ పెట్టి, ఆ వెతుకులాటని ఎస్‌క్యూఎల్‌కి మార్చాం. ఆ క్వెరీ మూడు నోడ్లనీ అడుగుతుంది కాబట్టి గెట్ అంత వేగంగా ఉండదు, అయినా ఇప్పటివరకూ కాల్ సెంటర్ నుంచి ఫిర్యాదు రాలేదు. నోడ్లు పెంచినప్పుడు మాత్రం ముందుగా కొలిచి చూడాల్సింది ఈ క్వెరీనేనని వాళ్ల ఆపరేషన్స్ నోట్‌లో రాసి పెట్టాం.